రిజిస్టర్‌కెక్కని మాట



పొద్దున ఆరు గంటలకు సంగారెడ్డి చౌరస్తాలో బస్సెక్కి ముంబై రహదారి మీద హైదరాబాద్ దిక్కు బయల్దేరండి. కంది దగ్గర ఐఐటీ వస్తుంది, రుద్రారం దగ్గర ఇంకో విశ్వవిద్యాలయం. ఇస్నాపూర్ చేరేసరికి మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకొని రోడ్డు దాటుతుంటారు. తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి అన్నీ ఒకే షేర్ ఆటోలో వినిపిస్తాయి. ముత్తంగి దాటితే పటాన్‌చెరు, ఆ పక్కన ఇక్రిశాట్ పొలాలు, ఆ తర్వాత రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. దారి పొడవునా కిటికీలోంచి కనిపించేవి పడుచు ముఖాలే. ఈ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల మంచి చెడ్డలు తేల్చే గదుల్లో మాత్రం ఆ ముఖాలు కనిపించవు. ఒకవేళ లోపలికి పోయినా, వాళ్లు చెప్పిన మాట ఎక్కడా రాసి ఉండదు. ఈ రెండో సంగతే నాకు పెద్దదిగా తోస్తుంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు వయసు సంగతి తేల్చుకుందాం. 1989 మార్చి 28 నుంచి మన దేశంలో 18 ఏళ్లు నిండినవాళ్లకు ఓటు ఉంది. అంతకుముందు 21 నిండాలి. శాసనసభకు పోటీ చేయాలంటే 25 రావాలి. పంచాయతీకి, మున్సిపాలిటీకి 21 చాలు. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఊరి పాలన తలుపును నాలుగేళ్లు ముందుగా తెరిచాయి. 2020 డిసెంబర్‌లో తిరువనంతపురం మేయర్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆర్యా రాజేంద్రన్ వయసు 21, అప్పటికి ఆమె ఇంకా డిగ్రీ చదువుతోంది. కాబట్టి చిన్నవాళ్లకు ఇక్కడేం పని అనేవాళ్లకు చట్టం వత్తాసు పలకదు.

మన దగ్గర కుర్రవాళ్లు నిలబడటం లేదా అంటే నిలబడుతున్నారు, గెలుస్తున్నారు. 2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాక పేపర్లలో యువ సర్పంచుల ఫొటోలు చాలానే చూశాం. నాకో అలవాటుంది. ఆ ఫొటో చూడగానే కింద ఇంటిపేరు చదువుతాను. మాజీ సర్పంచ్ కొడుకా, కాంట్రాక్టర్ తమ్ముడా, రిజర్వేషన్ మారింది కాబట్టి ఇంట్లోంచి ముందుకొచ్చిన కోడలా అని చూస్తాను. అలా వచ్చినవాళ్లు మంచి పని చేయరని అనను, కొందరు పెద్దల కంటే బాగా చేస్తున్నారు. అయితే ఒక ఇంట్లో కుర్చీ చేతులు మారితే ఊళ్లోని కుర్రకారంతా మాట్లాడినట్టు లెక్క వేసుకోవడం తొందరపాటు.

అసలు పంచాయతీ ఆఫీసులో పాతికేళ్ల మనిషి ఎప్పటినుంచో ఉన్నాడు. ఆయన సర్పంచ్ కాదు, కార్యదర్శి. 2018లో రాష్ట్ర ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2019లో వేలాది మంది డిగ్రీ చదివిన ఆడపిల్లలు, మగపిల్లలు నెలకు 15,000 రూపాయల జీతంతో ఊళ్లలో చేరారు. ఊళ్లో నాటిన మొక్క ఎండిపోతే వాళ్లదే పూచీ. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని నిబంధన. వాన కురవకపోతే ఎవరిని అడగాలో ఆ నిబంధనలో లేదనుకోండి. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది. రెగ్యులర్ చేయమని 2023 ఏప్రిల్ చివర్లో సమ్మెకు దిగితేగాని వాళ్లున్నారన్న సంగతి చాలామందికి తెలియలేదు. గ్రామసభ తీర్మానాన్ని తన చేత్తో రాసే మనిషి ఆ గదిలో అందరికంటే చిన్నవాడు. ఏం రాయాలో చెప్పేది మాత్రం పెద్దలు.

గ్రామసభ ఎట్లా జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ పెట్టాలంటుంది. టెంటు వేస్తారు, కుర్చీలు తెప్పిస్తారు. ముందు వరసలో నాయకులు, వెనక మహిళా సంఘాలు, ఇంకా వెనక గోడకు ఆనుకొని పోరగాళ్లు. ఎవడో ఒక పిల్లగాడు లేచి డ్రైనేజీ నీళ్లు బడి ముందర నిలుస్తున్నాయని అంటాడు. "కూసో బిడ్డా, పెద్దోళ్లు మాట్లాడుతుండ్రు గద" అని ఎవరో ఒకరు ప్రేమగానే అంటారు. వాడు కూర్చుంటాడు. చివర్లో సంతకాల పుస్తకం తిరుగుతుంది. ఆ పుస్తకంలో వాడి సంతకం ఉంటుంది, డ్రైనేజీ మాట ఉండదు. రెండు నెలల తర్వాత మళ్లీ సభ పెడితే వాడు రాడు. యువతకు ఆసక్తి లేదని మనం పత్రికల్లో వ్యాసాలు రాస్తాం.

పట్టణాల్లో దీనికి ఓ మార్గం ఆలోచించారు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంది. యువతది ఒకటి, మహిళలది ఒకటి, వయోవృద్ధులది ఒకటి, ఊళ్లో పేరున్నవాళ్లది ఒకటి. ఒక్కో కమిటీలో 15 మంది. 2020 జనవరి 22న మున్సిపల్ ఎన్నికలు అయిపోయాయి. ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. ఆ హడావుడిలోనే సంగారెడ్డి, సదాశివపేట, బొల్లారం, అమీన్‌పూర్, తెల్లాపూర్ వంటి చోట్ల ఈ కమిటీల పేర్లు రాసుకున్నారు. ఒక్కసారి ఊహించుకోండి. వార్డుకు పదిహేను మంది యువకులు, చట్టం పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టినవాళ్లు. ఇది మనకు చట్టంలోనే అచ్చయి ఉంది.

అచ్చయి ఉన్నది అమలులో ఏమైంది? ఆ కమిటీకి ఎన్నిక లేదు, చేతిలో పైసా లేదు. చెత్త బుట్టలు లెక్కపెట్టండి, మొక్కలు నాటండి, ర్యాలీలో నడవండి అని పిలుస్తారు. కుర్రవాళ్లు ఉత్సాహంగానే వచ్చారు. ఖాళీ ప్లాట్లలో పిచ్చిమొక్కలు కొట్టారు, ఫొటోలు దిగారు. వార్డు బడ్జెట్ కాగితం మాత్రం వాళ్ల ముందు పెట్టినవాళ్లు అరుదు. పని చేయడానికి యువత కావాలి, పని ఏదో తేల్చడానికి అక్కర్లేదు. ఎన్నికల వేళ బైకు ర్యాలీలకు, బతుకమ్మకు స్టేజీ కట్టడానికి, వినాయకుడి నిమజ్జనానికి పిలిచినట్టే ఇదీనూ.

2025 జనవరిలో ఆ పాలక మండళ్ల గడువు తీరింది. పంచాయతీలకు అంతకు ఏడాది ముందే, 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరింది. ఊళ్లకు ప్రత్యేకాధికారులు వచ్చారు. ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లు, దాంతోపాటు తన సొంత శాఖ పని. 2025 డిసెంబర్ దాకా, అంటే దాదాపు రెండేళ్లు, పంచాయతీల్లో ఎన్నికైన మనిషి లేడు. ఆ రెండేళ్లలో 18 నిండిన పిల్లలకు ఊరి పాలన అంటే తాళం వేసిన గది. సంగారెడ్డి జిల్లా వరకు చూస్తే, సరిగ్గా ఆ రెండేళ్లలోనే అడగాల్సిన ప్రశ్నలు వచ్చిపడ్డాయి.

2025 ఫిబ్రవరిలో గుమ్మడిదల మండలం నల్లవల్లి దగ్గర ప్యారానగర్‌లో హైదరాబాద్ మహానగరం చెత్తకు డంపింగ్ యార్డు పనులు మొదలయ్యాయి. పోలీసు బందోబస్తు మధ్య యంత్రాలు దిగాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం రోడ్డెక్కారు. ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, రైతులు నిరాహార దీక్షల టెంట్లలో కూర్చున్నారు. నగరం చెత్త ఎక్కడో ఒకచోటికి పోవాలి, అది నిజమే. మా చెరువులు, మా అడవి ఏమవుతాయని ఆ ఊళ్లు అడిగినదీ నిజమే. ఈ రెండు నిజాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన చోటు పంచాయతీ. ఆ రోజున అక్కడ సర్పంచ్ లేడు, వార్డు సభ్యుడు లేడు. అందుకే మాట టెంటులోకి పోయింది. టెంటులో పలికిన మాటకు మినిట్స్ ఉండవు.

ఆ ఏడాదే జూన్ 30 పొద్దున పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. మందుల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే యూనిట్ అది. 40 మందికి పైగా చనిపోయారు, కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చిన పడుచువాళ్లు అందులో చాలామంది. ప్రమాదం ఎందుకు జరిగింది, తప్పు ఎవరిది అన్నది దర్యాప్తులు తేల్చాలి. నేను అడుగుతున్నది వేరే. పేలుడుకు ఓ నెల ముందు, అక్కడ పనిచేసే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఏదో అనుమానం వచ్చిందనుకుందాం. పొగ అనండి, వాసన అనండి, యంత్రం వేడెక్కడం అనండి. కంపెనీ వినకపోతే అతను ఊరి పాలనలో ఎవరికి చెప్పుకోవాలి?

అద్దెకుండే ఊళ్లో అతనికి ఓటు లేదు కాబట్టి గ్రామసభలో సభ్యత్వం లేదు. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే. పక్కింటి స్థానిక కుర్రాడికి ఓటు ఉంది గాని, ఆ జూన్ నెలలో ఎన్నికైన పాలకవర్గం లేదు. ఒకవేళ ఉన్నా, ఫ్యాక్టరీ ఉన్న నేల మీద దానికి పెత్తనం లేదు. ఈ మూడో సంగతి మన జిల్లా బయట చాలామందికి తెలియదు, లోపలివాళ్లలోనూ తెలిసింది కొద్దిమందికే. కాస్త ఓపిగ్గా వినండి.

పాశమైలారం లాంటి పారిశ్రామిక వాడల్లో స్థానిక సంస్థ పని చేసేది పంచాయతీ కాదు, ఐలా. అంటే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఐఐసీ అనే ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేతికి ఇచ్చిన ఈ అధికారం ఇప్పుడు తెలంగాణలో దాని స్థానంలో ఉన్న టీజీఐఐసీ కింద నడుస్తోంది. వాడలో భవనాలకు అనుమతులు, ఆస్తి పన్ను వసూలు, రోడ్లు, వీధి దీపాలు అన్నీ దాని చేతిలోనే. వసూలైన పన్నులో 35 శాతం పక్కనున్న పంచాయతీకో మున్సిపాలిటీకో పంపాలి. మిగతాది వాడలోనే ఖర్చు పెట్టుకోవచ్చు. పరిశ్రమలకు పని సులువవుతుంది, ఒక ఆఫీసు చుట్టే తిరగొచ్చు. అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ ఐలాకు పౌరుల ఎన్నిక లేదు, గ్రామసభ లేదు, వార్డు కమిటీ లేదు. అక్కడ వినిపించేది పరిశ్రమలవాళ్ల సంఘం మాట. పగలంతా ఆ వాడలో ఉండే కార్మికులకు, ఆ వాడ గాలి పీల్చే పక్క ఊరి పిల్లలకు అక్కడ కుర్చీ లేదు. కొత్త పరిశ్రమకు జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ సంగతీ ఇంతే. 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్, అనుమతులున్న పారిశ్రామిక వాడ లోపల పెట్టే ప్రాజెక్టులకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే పరిశ్రమలు ఎక్కడ కిక్కిరిసి ఉన్నాయో అక్కడే జనాన్ని అడగాల్సిన పని తక్కువ.

ఇట్లా తలుపులు మూసుకుపోయిన చోట మాట ఎక్కడికి పోతుందో పటాన్‌చెరు చరిత్రే చెబుతుంది. 1970లలో ఇక్కడ, తర్వాత బొల్లారంలో పారిశ్రామిక వాడలు లేచాయి. నక్కవాగు రంగు మారింది. పొలాలు పాడయ్యాయి, పశువులు చనిపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాణి కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల ఒంటి మీద ఆ వాగును చూశారు. 1986లో పల్లెల జనాన్ని వెంటబెట్టుకొని హైదరాబాద్ దాకా నడిచారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడినుంచి 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. నక్కవాగు గురించి పంచాయతీ ఆఫీసులో మాట్లాడాల్సిన మాటను ఢిల్లీలో మాట్లాడాల్సి వచ్చింది. ఆ నడకలో ఇరవై ఏళ్ల వయసుతో ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది.

ఇంకో విడ్డూరం చెప్తాను. పటాన్‌చెరులో పరిశ్రమల మురుగునీళ్లను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు ఉంది. దాదాపు 90 మందుల తయారీ పరిశ్రమల నీళ్లు అక్కడికి వచ్చేవి. శుద్ధి చేసి వదిలిన నీళ్లలో మందుల పాళ్లు ఎంతో కొలిచి 2007లో ప్రపంచానికి చెప్పింది స్వీడన్ శాస్త్రవేత్తలు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఒక్క యాంటీబయాటిక్ లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఆ లెక్క ప్రపంచమంతా చదివింది. ఆ ప్లాంటుకు కొద్ది దూరంలో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి, వాటిలో కెమిస్ట్రీ చదివే పిల్లలున్నారు. యాంటీబయాటిక్ కొలవడానికి పెద్ద యంత్రాలు కావాలి, ఒప్పుకుంటాను. కానీ నీళ్ల ఆమ్లగుణం, అందులో కరిగిన లవణాలు కొలిచే మీటర్లు చేతిలో పట్టేంత ఉంటాయి, ధర కూడా ఒక ఫ్లెక్సీ బ్యానర్ ఖర్చుకు దగ్గర్లోనే. వాగు పక్క ఊరి పిల్లలు వారానికోసారి కొలిచి తారీఖు వేసి రాస్తే ఏడాదికి ఒక లెక్కల పుస్తకం తయారవుతుంది. దాన్ని గ్రామసభ ముందు పెడితే "కూసో బిడ్డా" అనడం అంత తేలిక కాదు.

కొన్నిచోట్ల ప్రజాభిప్రాయ సేకరణ జరగక తప్పదు. పారిశ్రామిక వాడ బయట పెట్టే పెద్ద ప్రాజెక్టులకు అది జరుగుతుంది. టెంట్లు, బారికేడ్లు, వేదిక మీద కలెక్టరో అదనపు కలెక్టరో, మైకు కోసం తోపులాట. అరిచి అలసిపోయి మధ్యాహ్నానికి జనం వెళ్లిపోతారు. ఇక్కడే ఒక నియమం దాగి ఉంది. ఆ 2006 నోటిఫికేషన్ ప్రకారం, సభలో ఎవరెవరు ఏమన్నారో సారాంశం రాసి, సభ ముగిసేముందు స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. ఆ తర్వాతే అధికారి సంతకం పెట్టాలి. జనం లేవనెత్తిన అభ్యంతరాలకు ప్రాజెక్టు వాళ్లు తమ తుది నివేదికలో జవాబు రాయాలి. నన్నడిగితే మైకు దొరకడం కంటే ఇదే ముఖ్యం. నలుగురు కుర్రవాళ్లు చివరిదాకా కూర్చుని, చదివి వినిపించండి సార్ అని అడిగి, మా మాట ఇందులో రాలేదు, చేర్చండి అని పట్టుబడితే చాలు. ఆవేశంగా మాట్లాడినవాడి వీడియో ఫోన్లలో తిరుగుతుంది. కూర్చున్నవాళ్లు చేర్పించిన వాక్యం ఫైల్లో ఉంటుంది. నాకు రెండోవాళ్ల మీద గురి ఎక్కువ.

మన జిల్లాలోనే ఇంకో చివర దీనికి నిదర్శనం ఉంది. నేను మాట్లాడుతున్నది రేడియోలో కాబట్టి చెప్పకుండా ఉండలేను. జహీరాబాద్ దిక్కు ఝరాసంగం మండలంలో మాచనూరు అనే ఊరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు అక్కడ యునెస్కో సాయంతో 1998లో రేడియో స్టేషన్ కట్టుకున్నాయి. నర్సమ్మ పేరుగల ఇద్దరు పడుచులు మైకు పట్టుకున్నారు. ఒకామెను జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకామెను అల్గోల్ నర్సమ్మ అంటారు. స్టేషన్ ఉంది గాని ప్రసారానికి లైసెన్సు లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు సముదాయ రేడియో ఇచ్చే విధానం రావడానికి 2006 దాకా పట్టింది. మరి ఇన్నేళ్లు ఏం చేశారు? కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి, ఊరూరా సంఘం మీటింగుల్లో వినిపించారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, పశువుల వైద్యం, ఊరి కొట్లాటలు అన్నీ అందులోకి వచ్చాయి. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో 90.4 మీద గాలిలోకి వచ్చేసరికి వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పోగుచేసిన గొంతుల భాండారం ఉంది. ఎవరో వచ్చి అవకాశం ఇచ్చేదాకా ఆగలేదు. చెప్పింది చెప్పినట్టు దాచుకున్నారు.

మరి 18 నిండని పిల్లల సంగతి? పటాన్‌చెరు పరిసరాల్లో బడికి పోయే పిల్లకు రోజూ ఎదురయ్యే లారీ, దుమ్ము, రాత్రిపూట వాసన ఓటున్నవాళ్ల అనుభవానికేం తీసిపోవు. కర్ణాటకలో కుందాపూర్ ప్రాంతంలో పనిచేసే పిల్లలు, చదివే పిల్లలు కలిసి మక్కళ పంచాయతీలు, అంటే పిల్లల పంచాయతీలు, పెట్టుకున్నారు. ఆ అనుభవం మీదే 2006లో ఆ రాష్ట్రం ప్రతి పంచాయతీలో పిల్లల గ్రామసభ జరపాలని ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 అక్టోబర్‌లో నవోదయ, ఏకలవ్య పాఠశాలల్లో ఆదర్శ యువ గ్రామసభలు మొదలుపెట్టింది. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలు సర్పంచ్‌గా, కార్యదర్శిగా నటిస్తారు. మంచిదే. కానీ నాటకం కోసం ఊహాగ్రామం బడ్జెట్ ఇచ్చే బదులు, బడి గేటు ముందున్న గుంత సంగతే ఇచ్చి చూడాలి. అమెరికాలో బోస్టన్ నగరం 2014లో పది లక్షల డాలర్ల నగర నిధుల్ని ఎట్లా ఖర్చు పెట్టాలో 12 నుంచి 25 ఏళ్లవాళ్లను ఓటు వేసి చెప్పమంది. పార్కుల బాగు, బడికి కంప్యూటర్ల వంటివి ఎంచుకున్నారు. మనకు బోస్టన్ డబ్బు లేదు, నిజమే. ఐలా నుంచి వచ్చే 35 శాతం వాటాలో ఓ చిన్న పాలు ఊరి పిల్లల తీర్మానానికి వదిలితే పంచాయతీ ఏమీ మునిగిపోదు.

పటాన్‌చెరు ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఆఫీసే మారిపోతుంటుంది. 2007లో బొల్లారంలో పుట్టిన పిల్లవాణ్ని తీసుకోండి. వాడు పుట్టిన ఏడాదే పక్కనున్న పటాన్‌చెరు, రామచంద్రాపురం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. వాడికి పదకొండేళ్లప్పుడు, 2018లో, బొల్లారం పంచాయతీ కాస్తా మున్సిపాలిటీ అయింది. పద్దెనిమిది నిండేసరికి, 2025 చివర్లో, బొల్లారం, అమీన్‌పూర్, తెల్లాపూర్ మూడూ గ్రేటర్‌లో కలిశాయి. వాడు ఇల్లు మారలేదు. మూడు రకాల ప్రభుత్వాలు వాడి ఇంటి మీదుగా నడిచిపోయాయి. వార్డు కమిటీలో ఉన్నానని చెప్పుకోవాలన్నా ఇప్పుడు ఏ వార్డో వెతుక్కోవాలి. పరిధి మార్చే ముందు ఊళ్లను అడిగితే ఏం చెప్పేవారో మనకు తెలియదు. కనీసం పాత వార్డు కమిటీల పుస్తకాలు కొత్త ఆఫీసుకు చేరాయో లేదో ఎవరైనా అడగాలి.

అడగడానికి ఒక దారి ఉంది. దానికి సర్పంచ్ ఉండాల్సిన పని లేదు, గ్రామసభ పెట్టాల్సిన పని లేదు, ఓటరు కార్డు కూడా అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం పౌరులందరికీ అన్నది గాని వయసు చెప్పలేదు. పదో తరగతి పిల్ల రాయొచ్చు. బీహార్ నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో అద్దెకుంటున్న కార్మికుడూ రాయొచ్చు. ముప్పై రోజుల్లో కాగితం మీద జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు. గ్రామసభలో లేచి మాట్లాడినవాడికి లేని రక్షణ ఇది. మాట పోయిన చోటునుంచి మాట తిరిగి రావాలి, తారీఖుతో, సంతకంతో.

ఆ కార్మికుడు ఇక్కడే స్థిరపడే ఉద్దేశంతో ఉంటే ఓటూ ఇక్కడే నమోదు చేయించుకోవచ్చు. మామూలుగా నివసించే చోటే ఓటుండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఫారం 6 నింపాలి. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. పదిహేడు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అద్దె ఇంటి యజమాని కాగితం ఇవ్వడానికి భయపడతాడు, అది అసలు అడ్డంకి. కంపెనీ గుర్తింపు కార్డు చేతికొచ్చిన రోజే ఈ ఫారం నింపించే బాధ్యతను కార్మిక సంఘాలు, వార్డు యువజన కమిటీలు కలిసి తీసుకుంటే కొన్నేళ్లలో ఇస్నాపూర్ ఓటర్ల జాబితా చదివితేనే ఆ షేర్ ఆటో కనిపిస్తుంది.

2025 డిసెంబర్‌లో గెలిచిన సర్పంచులు ఇప్పుడు కుర్చీల్లో ఉన్నారు. ఎవరైనా పిల్లలు ఈ నెల ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే నాదొక సలహా. తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తుగా ఈ ప్రశ్న రాయండి: గడిచిన ఐదేళ్లలో పారిశ్రామిక వాడ ఆస్తి పన్ను నుంచి మన ఊరికి ఏ ఏడాది ఎంత వాటా వచ్చింది, అది ఏ పనికి ఖర్చయింది, ఆ పనిని ఏ తారీఖు గ్రామసభ తీర్మానించింది? అదే కాగితం మీద ఆ తీర్మానం నకలు కూడా అడగండి. మండలాఫీసులో దరఖాస్తు రుసుం 5 రూపాయలు, జిల్లాలో 10. గ్రామ పంచాయతీలో అయితే రుసుమే లేదు. ఇచ్చినట్టు రసీదు మాత్రం తీసుకోండి.